గోడ దాటకూడని బొమ్మ

చిన్నకోడలికి పెళ్లయి డెబ్బై నాలుగు రోజులైంది. ఈ లెక్క ఆమెది కాదు, మొగుడిది. కళ్లజోళ్ల షాపు నడిపే ఆ మనిషి రోజూ పొద్దున్నే ఆమె కళ్లజోడు మెత్తటి గుడ్డతో తుడిచి, తనే ఆమె ముక్కు మీద పెట్టి, "ఇవాళ డెబ్బై నాలుగు" అని చెప్పేవాడు. ఆ ఒక్క ముక్క చాలు. బస్సులో పక్క సీటు వాళ్లు అనుమానంగా అంగుళం దూరం జరిగేదాకా ఆమె తనలో తాను నవ్వుకుంటూనే ఉండేది. ఆ నవ్వు ఆఫీసు మెట్లెక్కేదాకా ఉండేది, వరండా దాటేదాకా ఉండేది, స్విచ్చుల గది తాళం తీసేదాకా కూడా ఉండేది. తలుపు తెరవగానే ఎదురుగా పెద్దకోడలి చేతిరాత కనబడేది. అంతే, నవ్వు అక్కడికక్కడే చల్లారేది.

అదొక చీటీ. ఆమె పనిచేసే డెంటల్ కాలేజీ మొత్తానికి నెట్‌వర్కు తీగలు పంచే పెద్ద స్విచ్చు నెత్తిన, నాలుగు అంచులా టేపు వేసి అతికించి ఉంది. "మల్టీకాస్ట్ రూటింగ్ ఆన్ చేయవద్దు. ఇక్కడ అవసరం లేదు." కింద తేదీ. ఒక్క కొట్టివేత లేదు, ఒక్క అక్షరం పక్కకి ఒరగలేదు. ముత్యాలు పేర్చినట్టుంది. 'చేతిరాత కూడా ఇంత బాగుండాలా ఈవిడకి!' అని చిన్నకోడలు రోజూ ఒకసారి పళ్లు నూరుకునేది.

ఆ కుర్చీలో ఆమెకి ముందు కూర్చున్నది పెద్దకోడలే. అప్పటికి ఇద్దరూ తోడికోడళ్లు కారు. పెద్దావిడ వేరే కంపెనీకి వెళ్లిపోతూ, కొత్తగా చేరిన ఈ పిల్లకి వారం రోజులు పని అప్పజెప్పింది. ఏ తీగ ఏ గదికి వెళుతుందో, ఏ పెట్టె ఎండాకాలంలో అలుగుతుందో అన్నీ చెప్పి, ఆఖరి రోజు టీ తాగుతూ, "మా మరిది ఉన్నాడు. కళ్లజోళ్ల షాపు. మంచోడే, కాస్త వాగుడెక్కువ. చూస్తావా?" అంది. చూసింది. చూశాక ఇంకెటూ చూడలేదు.

అలా కుర్చీ ఆవిడది, గది ఆవిడది, చివరికి మొగుణ్ని వెతికిపెట్టిందీ ఆవిడే. ఇంకొకరైతే పొద్దున్న లేచి దండం పెట్టుకునేవారు. చిన్నకోడలికి మాత్రం కడుపు భగ్గుమనేది. ఎందుకంటే, ఇంట్లో ఏ మూల ఏం పాడైనా మొగుడి నోట వచ్చే మొదటి మాట "వదినైతే". బట్టల మిషన్ గుర్రుమంటే వదినైతే ఒక్క తట్టు తట్టేది. వైఫై ఆగితే వదిననడుగుదాం. "ఏవండీ, నేనూ ఇంజనీర్నే, తెలుసా?" అని ఒకసారి నిలదీస్తే, "నువ్వు నా ఇంజనీరువి. వదిన ఇంటికి ఇంజనీరు" అని తప్పించుకున్నాడు. ముద్దుగానే ఉంది కానీ, మంట తగ్గలేదు.

ఇక అత్తయ్య సంగతి. అయిదు వారాలుగా ప్రతి బుధవారం మధ్యాహ్నం పెద్దకోడలు సగం రోజు సెలవు పెట్టి వచ్చి అత్తగారిని ఎక్కడికో తీసుకెళ్లేది. ఇద్దరూ సాయంత్రానికి తిరిగొచ్చేవారు. అత్తయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయేది.

"ఎక్కడికెళ్లారత్తయ్యా?" అని గుమ్మంలోనే అడిగింది ఒకసారి.

"ఎక్కడికీ లేదమ్మా, అలా గాలికి."

"నేనూ రానా ఈసారి?"

అత్తయ్య పెద్దకోడలి వైపు చూసింది. పెద్దకోడలు అత్తయ్య వైపు చూసింది. "నీకు ఆఫీసుంటుంది కదే చిన్నీ" అంది పెద్దకోడలు తియ్యగా. ఆ చూపులు చిన్నకోడలి గుండెలో గుచ్చుకుని అలాగే ఉండిపోయాయి. ఇద్దరూ కలిసి తన గురించే మాట్లాడుకుంటున్నారని తేల్చేసుకుంది. టీలో పంచదార ఎక్కువ వేస్తుందనీ, తలుపులు ధడాలున వేస్తుందనీ. ఇంకేముంటాయి!

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రిన్సిపాల్ పిలిచాడు.

కాలేజీలో పాత ల్యాబ్ ఒకటుంది. నలభై బల్లలు, బల్లకో తెర. ముందు కుర్చీ దగ్గర ప్రొఫెసరమ్మ ప్లాస్టర్ దవడ మీద పన్ను ఎలా చెక్కాలో చూపిస్తుంటే, పైనున్న కెమెరా ఆ బొమ్మని నలభై తెరల మీదకీ పంపేది. ఇప్పుడు ఆవరణకి అవతలి వైపు కొత్త బిల్డింగు లేచింది. అందులో అరవై బల్లల ల్యాబ్.

"ఆవిడ ఇక్కడ చెక్కుతుంటే అక్కడ అరవై మందికీ అదే క్షణంలో కనబడాలి" అన్నాడు ప్రిన్సిపాల్. "వచ్చే బుధవారం మూడు గంటలకి ఇన్‌స్పెక్షన్. అవుతుందా అమ్మా? మొహమాటం లేదు, కష్టమైతే చెప్పండి. పాత మేడమ్‌ని పిలిపించి చేయించుకుందాం."

పక్కన అచ్చుల ట్రే పట్టుకుని నిలబడ్డ ల్యాబ్ అటెండరు, కనుబొమ్మల దాకా తెల్లటి పొడి అంటి ఉంటుందని అందరూ ప్లాస్టర్ మామ అని పిలిచే పెద్దాయన, నిట్టూర్చాడు. "ఆ తల్లి ఉంటేనా, చిటికెలో అయిపోయేది."

"ఎవర్నీ పిలవక్కర్లేదు సార్" అంది చిన్నకోడలు, తన గొంతు తనకే కొత్తగా వినబడేట్టు. "నేను చేస్తాను."

ఇక అక్కడి నుంచి ఆ పనికీ ఆమె పరువుకీ ముడి పడిపోయింది. బుధవారం బొమ్మ రాకపోతే పెద్దకోడలు ఆ గదిలోకి మళ్లీ వస్తుంది, ఆ కుర్చీలో మళ్లీ కూర్చుంటుంది, ప్లాస్టర్ మామ ఆవిడ కోసం బిస్కెట్ల పొట్లం విప్పుతాడు.

ఆ రోజు టీ కప్పు ముందు పెట్టుకుని మొగుడికి వివరించింది. ఆమెకి పనిని అతనికి వివరించడమంటే చెప్పలేనంత ఇష్టం. అతనికి ముక్క అర్థం కాదు, అయినా కళ్లు విప్పార్చుకుని వింటాడు.

"చూడండీ, మూడు దారులున్నాయి. ఒకటి, అరవై తెరలకీ అరవై వేరు వేరు కాపీలు పంపడం. ఒకే ఉత్తరాన్ని అరవై సార్లు రాసి పోస్టు చేసినట్టు. కెమెరా పెట్టెకి అంత ఓపిక లేదు, రెండు బిల్డింగుల మధ్య తీగకి అంత వెడల్పూ లేదు. వెయ్యి మోసే తీగ మీద పన్నెండు వందలు ఎక్కించాలి."

"వద్దొద్దు, తెగిపోతుంది" అన్నాడతను కంగారుగా.

"తెగదు లెండి, బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. రెండోది, రెండు ల్యాబులనీ కలిపి ఒకే నెట్‌వర్కు చేసేయడం. అప్పుడు అక్కడేదైనా తిరగబడితే ఇక్కడా మునుగుతాం. మూడోది, మల్టీకాస్ట్ రూటింగ్. కెమెరా ఒక్క కాపీయే పంపుతుంది. తీగ మీద ఒక్కటే నడుస్తుంది. అవతలి గట్టుకి చేరాక, కావాలని అడిగిన తెరలకి మాత్రం అక్కడి స్విచ్చు పంచుతుంది. ఒకే నెట్‌వర్కు లోపల ఉన్నంతకాలం దీని అవసరం లేదు. రెండోదాంట్లోకి దాటాలంటే మన పెద్ద స్విచ్చులో ఆన్ చేయాలి."

"అయితే మూడోదే చేసెయ్."

"చేస్తా. అదే వద్దని మీ వదిన చీటీ అంటించింది."

"ఎందుకు వద్దందో? ఒక మాట అడిగితే పోలా?"

చిన్నకోడలు కప్పు టక్కున బల్ల మీద పెట్టింది. "అడగను. అవసరం లేదనే రాసింది. అప్పుడు లేదు, ఇప్పుడుంది. ఇందులో అడగడానికేముంది?"

నిజం చెప్పాలంటే ఆమె ఎంచుకున్న దారి సరైనదే. అందరూ ఒకే బొమ్మని, ఒకే సమయంలో, చాలామంది, వేరే నెట్‌వర్కులో చూడాలి. ఇంతకంటే మంచి సందర్భం ఏ పుస్తకంలోనూ దొరకదు. కాకపోతే ఆమె మనసులో జరిగింది వేరే వరసలో జరిగింది. ప్రిన్సిపాల్ నోట "పాత మేడమ్" అన్న మాట వినగానే నిర్ణయం అయిపోయింది. కారణాలు తర్వాత తీరిగ్గా వచ్చి కూర్చున్నాయి. పెద్దకోడలు వద్దన్నది తను చేసి చూపించడంలో ఉన్న ఆనందం ముందు, ఎందుకు వద్దందో తెలుసుకోవడం చాలా చిన్న విషయంలా తోచింది.

మర్నాడు చీటీ పీకేసింది. గోటితో టేపు అంచు లేపి, మెల్లగా, అంగుళం అంగుళం. మడిచి చెత్తబుట్టలో వేసింది. తర్వాత రూటింగ్ ఆన్ చేసింది. కొత్త ల్యాబుకి పరుగెత్తి ఒక తెర పెట్టి చూసింది.

నలుపు.

రెండు రోజులు నలుపే. స్విచ్చులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. అవతలి తెర కావాలని అడుగుతోంది, ఇవతలి కెమెరా పంపుతోంది, మధ్యలో ఎక్కడో బొమ్మ మాయమైపోతోంది. ప్లాస్టర్ మామ ఆ పక్కగా వెళుతూ "ఆవిణ్ని ఒక ఫోను..." అనబోయి, ఆమె చూపు చూసి మిగతాది మింగేశాడు. మూడో రోజు దొరికింది. కెమెరా పెట్టె పంపే ప్రతి ముక్క మీదా ఒక అంకె ఉంటుంది. ఒక్కో నెట్‌వర్కు గడప దాటినప్పుడల్లా ఆ అంకె ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే ఆ ముక్క అక్కడే రాలిపోతుంది. ఆ అంకెని ఎవరో ఒకటి అని పెట్టారు. ఒకటంటే, మొదటి గడప దగ్గరే చావు.

ఎవరో ఏమిటి! ఆ పెట్టెని పెట్టింది ఒక్కరే.

'ఆహా, ఇంత గొప్ప ఇంజనీరుకి ఇది మార్చాలని తెలియలేదన్నమాట' అనుకుని చిన్నకోడలు పొంగిపోయింది. ఒకటిని పదహారు చేసింది. అవతల తెర మీద ప్రొఫెసరమ్మ వేళ్లు, మైనపు పన్ను, చిన్న కత్తి, అన్నీ మెరుస్తూ ప్రత్యక్షమయ్యాయి. ఖాళీ ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి ఆమె రెండు బల్లల మధ్య చిన్న గెంతు గెంతింది. ఎవరైనా ఉన్నా గెంతేదేమో. ఇంటికెళ్లి "గెలిచానండీ!" అంటే, మొగుడు దేని మీదో కనుక్కోకుండానే ఎత్తి గిరగిరా తిప్పాడు.

బుధవారం వచ్చింది.

రెండున్నరకి ఆమె కొత్త ల్యాబులో ఒక్కతే. అరవై తెరలూ వెలిగించింది. పాత ల్యాబులో ముందు కుర్చీ దగ్గర ఒక ప్లాస్టర్ దవడ పెట్టి ఉంది. అదే దవడ, అదే వెలుగు, అరవై చోట్ల. కొత్త రంగు వాసనా, ఇంకా పీకని ప్లాస్టిక్ కవర్ల మెరుపూ, కిటికీలోంచి పడే ఎండా, వాటన్నిటి మధ్య తనూ. ఫోను మోగింది.

"ఇన్‌స్పెక్షన్ వాళ్లు ముందే దిగారమ్మా" అన్నాడు ప్రిన్సిపాల్ హడావిడిగా. "ఆఫీసులో కూర్చోమంటే కొత్త ల్యాబే ముందు చూస్తామంటున్నారు. అయిదు నిమిషాల్లో అక్కడుంటాం. బొమ్మ వస్తోందా?"

"నిక్షేపంలా వస్తోంది సార్."

ఫోను పెట్టేసి తలెత్తేసరికి దవడ లేదు. దాని స్థానంలో నిజం నోరు ఉంది. తెరిచిన నోరు, పై చిగుళ్లన్నీ బోసిగా, నున్నగా, గులాబీ రంగులో. అరవై తెరల మీద అరవై బోసి నోళ్లు.

బుధవారం మధ్యాహ్నాలు పాత ల్యాబులో పేషంట్ల మీద పాఠం చెబుతారన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. తను పరీక్షించిన రోజులన్నీ ప్లాస్టర్ దవడల రోజులు.

నోరు మూసుకుంది. ఒక ముసలి చెయ్యి వచ్చి దాన్ని కప్పేసింది. స్పీకర్లలోంచి ప్రొఫెసరమ్మ గొంతు వచ్చింది. "చెయ్యి తీయండమ్మా. ఈ గదిలో పిల్లలు తప్ప ఇంకెవరూ చూడరు. నాలుగేళ్ల క్రితం పాత కట్టుడు పళ్లు చేసినప్పుడు మాటిచ్చాం కదా, బొమ్మ ఈ గోడ దాటదని."

"పెద్దమ్మాయ్, చెయ్యి వదలకే" అంది పేషంటు, పళ్లు లేని నోట్లోంచి గాలి పోతుంటే.

చిన్నకోడలు గిరుక్కున స్పీకరు వైపు తిరిగింది. ఆ గొంతు రోజూ పొద్దున్నే తనని టీకి పిలిచే గొంతు. కెమెరా అంచున ఇంకో చెయ్యి కనబడుతోంది, పెద్దకోడలి పసుపు పట్టీ వాచీ ఉన్న చెయ్యి. అది ఆ ముసలి చేతిని గట్టిగా పట్టుకుని ఉంది.

మొదట ఏమనిపించిందో ఆమె తర్వాత ఎవరికీ చెప్పలేదు. మొదట అనిపించింది జాలి కాదు. 'ఓహో, ఇదా మీ గాలికెళ్లడం!' అనిపించింది. నాలుగేళ్లుగా ఇంటిల్లిపాదికీ తెలియని గుట్టు ఈవిడొక్కదాని గుప్పిట్లో ఉందా? మా అమ్మకి ఈ వయసులోనూ అన్నీ సొంత పళ్లే అని మొగుడు ఊరంతా గొప్పలు చెప్పుకుంటాడే! నేనేం పరాయిదాన్నా? ఆ చెయ్యి నాది ఎందుకు కాకూడదు?

"మీ కోడలు ఇప్పుడిక్కడ పని చేయట్లేదుగా" అని అడుగుతోంది ప్రొఫెసరమ్మ, అచ్చు తీసే ముద్ద కలుపుతూ. "మరి ఆ ఏర్పాటు ఇంకా అలాగే ఉందా?"

"ఉంటుందమ్మా" అంది అత్తయ్య. "ఇప్పుడున్నది మా చిన్నమ్మాయే. పని దగ్గర గట్టిది, ఏదీ చెడగొట్టదు."

"మరి ఆ అమ్మాయికీ చెప్పొచ్చుగా?"

"చెబితే ఆ పూటకే నా కొడుక్కి చేరిపోతుంది. వాళ్లిద్దరి మధ్యా ఇంకా దాపరికాలు మొదలవలేదు."

పిల్లలు నవ్వారు. అత్తయ్యా నవ్వింది, అరవై తెరల మీద, చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి.

మెట్ల మీద బూట్ల చప్పుడు. ప్రిన్సిపాల్ గొంతు, "ఇటు రండి, అరవై మందికీ ఒకేసారి..."

చిన్నకోడలు లాప్‌టాప్ వైపు చూసింది. ఆపితే అరవై నల్ల తెరలు. నిక్షేపంలా వస్తోందని చెప్పి రెండు నిమిషాలు కాలేదు. ఆపితే రేపు పాత మేడమ్ వస్తుంది. ఆపకపోతే...

ఒక్క లైను కొట్టి రూటింగ్ ఆపేసింది. తలుపు తెరుచుకునేసరికి తెరలన్నీ నల్లబడి, మధ్యలో చిన్న తెల్లక్షరాలతో 'సిగ్నల్ లేదు' అంటున్నాయి.

ప్రిన్సిపాల్ మొహంలో రక్తం లేదు. వెనక ముగ్గురు, చేతుల్లో అట్టలు. "ఇదేంటమ్మా? ఇందాకే వస్తోందన్నారు!"

"వచ్చింది సార్. అందుకే ఆపాను."

"అంటే?"

"అక్కడ కుర్చీలో పేషంట్ ఉన్నారు. పాత గదిలో వాళ్లు చూడటానికే ఆవిడ ఒప్పుకున్నారు, ఈ గదికి కాదు. నేను ముందే చూసుకోవాల్సింది. తొందరపడ్డాను. పొరపాటు నాదే."

ముగ్గురిలో పెద్దాయన అట్ట మీద ఏదో రాశాడు. అదేమిటో ప్రిన్సిపాల్‌కి కనబడక మెడ సాచాడు. పక్కనున్న ఆవిడ అడిగింది. "అయితే మూడింటికి చూపిస్తారా?"

"పేషంట్ లేచి వెళ్లాక, ప్లాస్టర్ దవడ పెట్టాక చూపిస్తాను. అంతకు ముందు చూపించను."

మూడూ అయిదుకి దవడ వచ్చింది. అరవై తెరలూ వెలిగాయి. వాళ్లు తలలాడించి, నీళ్లు తాగి, వెళ్లిపోయారు. కానీ ఆ అరగంట నలుపు ప్రిన్సిపాల్ మనసులోంచి పోలేదు. వరండాలో ఆగి, ఆమె మొహం చూడకుండా, "ఏమనుకోకండి. రేపు పాత మేడమ్‌ని ఒకసారి రమ్మంటాను" అన్నాడు. ఆ పేషంటు ఎవరో చెబితే ఈ మాట తప్పేదేమో. చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంట్లో అత్తయ్య ఎప్పటిలాగే నోరు కప్పుకుని గదిలోకి వెళుతుంటే, చిన్నకోడలు ఎప్పటిలా ప్రశ్నలు వేయకుండా పక్కకి తప్పుకుని దారిచ్చింది.

గురువారం పదింటికి పెద్దకోడలు స్విచ్చుల గదిలోకి వచ్చింది. ప్లాస్టర్ మామ అప్పటికే బిస్కెట్ల పొట్లం విప్పి ఉన్నాడు. ఆవిడ రెండు తీసుకుని, ఆయన్ని బయటికి పంపి, తలుపేసి, ర్యాకు కేసి చూసింది.

"నా చీటీ ఏదే?"

"పీకేశా."

"పెట్టెలో అంకె?"

"పదహారు చేశా." చిన్నకోడలు ఒక్క గుక్కలో మొత్తం కక్కేసింది. "అక్కా, నిన్న అత్తయ్య కొత్త ల్యాబులోకి వచ్చేసింది. అరవై తెరల మీద. రెండు నిమిషాలు. నేనొక్కదాన్నే చూశా. వెంటనే ఆపేశా. ఒట్టు, ఇంకెవరూ చూడలేదు. మీ మరిదికి కూడా చెప్పలేదు."

పెద్దకోడలు కుర్చీలో కూలబడింది. తన పాత కుర్చీలో. బిస్కెట్టు చేతిలోనే ఉండిపోయింది. "వాడికి చెప్పలేదా? నువ్వు?"

"చెప్పలేదు."

"అరవైయ్యా?"

"అరవై."

ఆవిడ పెదవులు వణికాయి. ఏడుస్తుందేమోనని చిన్నకోడలు భయపడింది. ఏడవలేదు. నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల వాల్చేసింది. "అత్తయ్యకి తెలిస్తే కొత్త పళ్లతో మనిద్దర్నీ కొరికేస్తుందే!"

"నవ్వకక్కా! ఎందుకు వద్దో కూడా ఆ చీటీ మీద రాయొచ్చుగా? నేను నిన్ను ఎంత తిట్టుకున్నానో తెలుసా?"

"ఏమని రాయను? మా అత్తగారికి పళ్లు లేవు కాబట్టి రూటింగ్ ఆన్ చేయవద్దు, అనా?"

ఆ మాటకి చిన్నకోడలి పెదాలు కూడా సాగిపోయాయి. నవ్వు నవ్వుని లాగింది. బయట ప్లాస్టర్ మామ తలుపుకి చెవి ఆనించాడని తర్వాత తెలిసింది.

నవ్వులు అయ్యాక పనిలో పడ్డారు. అసలు విషయం అక్కడ బయటపడింది. చిన్నకోడలు స్విచ్చు తెరిచి చూపిస్తుంటే పెద్దకోడలు కళ్లద్దాలు సర్దుకుంటూ, "ఆగాగు, ఇదేంటి? మెల్లగా చెప్పు. నాకు ఇది రాదు" అంది.

"నీకు రాదా?"

"ఒకసారి ప్రయత్నించా. పొద్దున్నంతా కాలేజీ ఫోన్లన్నీ మూగబోయాయి. మళ్లీ దాని జోలికి పోలేదు. చీటీలో సగం అత్తయ్య కోసం, సగం నా భయం కోసం."

ఇది విన్నాక చిన్నకోడలి ఒంట్లో ఎక్కడెక్కడో తీపి పాకింది. అది మంచి బుద్ధి కాదని ఆమెకి తెలుసు. అయినా ఆ తీపిని చప్పరించకుండా ఉండలేకపోయింది. కావాలనే ఒక చోట కాస్త ఎక్కువసేపు వివరించింది. కెమెరా పెట్టెకి రెండు చిరునామాలిచ్చింది. ప్లాస్టర్ దవడల పాఠానికి ఒకటి, పేషంట్ల పాఠానికి ఇంకొకటి. ఒకదాని నుంచి ఇంకొకదానికి మార్చే మీట ప్రొఫెసరమ్మ చేతి దగ్గరే పెట్టింది. మొదటి దానికి మాత్రమే గడప దాటే అనుమతి. రెండోదానికి అంకె మళ్లీ ఒకటి, పైగా స్విచ్చులో అడ్డుగోడ. పొరపాటున ఎవరైనా అంకె పెంచినా గోడ ఆపుతుంది.

ప్రిన్సిపాల్ వచ్చి గుమ్మంలో నిలబడి పెద్దకోడలినే అడిగాడు. "ఏమంటారు మేడమ్? ఇది ఎప్పుడు ఆన్ చేయాలో, ఎప్పుడు వద్దో ఒకసారి తేల్చి చెప్పండి. రికార్డు చేసిన పాఠాలు కూడా పిల్లలకి ఇలాగే పంపేద్దామా?"

"నన్నడుగుతారేంటి సార్? నాకు తెలిసింది ఆపడం ఒక్కటే" అంది ఆవిడ బిస్కెట్టు కొరుకుతూ. "ఆవిణ్ని అడగండి."

చిన్నకోడలు గొంతు సవరించుకుంది. "రికార్డు పాఠాలకి వద్దు సార్. ఒకడు ఇప్పుడు మొదలుపెడతాడు, ఇంకొకడు రేపు. ఎవరి కాపీ వాళ్లకే వెళ్లాలి. ఒకే బొమ్మ, ఒకేసారి, చాలామంది, అదీ వేరే నెట్‌వర్కులో చూడాల్సి ఉంటేనే ఇది. ఒకే గదిలో అయితే అక్కర్లేదు. ఇద్దరు ముగ్గురే అయితే అక్కర్లేదు." లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది. "బొమ్మలో ఉన్న మనిషి ఒప్పుకోకపోతే, మిగతావన్నీ కుదిరినా చేయకూడదు."

ప్రిన్సిపాల్ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "సరే. ఇకమీదట ఏ బొమ్మ ఏ గదికి వెళ్లాలన్నా మీ సంతకం కావాలి" అన్నాడు చిన్నకోడలితో, ఈసారి మొహంలోకి చూస్తూ.

ఆ సాయంత్రం మొగుడు షాపు నుంచి ముందే వచ్చేశాడు. "నువ్వూ వదినా తలుపేసుకుని గంటసేపు పడీ పడీ నవ్వారట? ప్లాస్టర్ మామ అద్దాలు మార్పించుకోవడానికి వచ్చి చెప్పాడు. ఏంటి సంగతి?"

"ఏం లేదండీ."

"ఏం లేకుండా గంట నవ్వుతారా?"

"ఆఫీసు విషయం."

అతను నమ్మలేదు. వదిన దగ్గరికి వెళ్లాడు. "నీ పెళ్లాన్నే అడుగు" అందావిడ. మళ్లీ వచ్చాడు. రాత్రి భోజనం అయ్యేలోపు మూడు సార్లు తిరిగాడు. ఆఖరికి మొహం వేలాడేసుకుని, "నాకు తెలియకుండా మీ ఇద్దరికీ ఒక సంగతుందన్నమాట" అన్నాడు. "చెప్పొద్దూ, నాకు భలే కుళ్లుగా ఉంది."

చిన్నకోడలికి అతన్ని చూస్తే జాలేసింది, ముద్దొచ్చింది, కానీ నోరు విప్పలేదు. పెళ్లయ్యాక మొదటిసారి అతనికి తెలియనిదొకటి ఆమె దగ్గరుంది. అది చాలా బరువుగానూ ఉంది, చాలా బాగానూ ఉంది.

మళ్లీ బుధవారం. రెండున్నర. స్విచ్చుల గదిలో ఆమె ఒక్కతే కూర్చుని ఉంది. కింద అత్తయ్య ఆ కుర్చీలో కూర్చునే వేళ. తలచుకుంటే చూడొచ్చు. కాలేజీ మొత్తంలో ఏ గోడకవతలి బొమ్మనైనా తన ముందుకి తెచ్చుకోగలిగేది తనొక్కతే. తెచ్చుకోలేదు. లాప్‌టాప్ మీద రెండు అంకెలు మాత్రం తెరిచి పెట్టుకుంది. పేషంట్ల పాఠం, గది లోపల చూస్తున్నవి నలభై తెరలు. గది బయట, సున్నా.

ఈపాటికి అక్క చెయ్యి పట్టుకుని ఉంటుంది. పసుపు పట్టీ వాచీ చెయ్యి. "వదలకే" అని అత్తయ్య ఆవిడతోనే అంటుంది, తనతో కాదు. తనకి తెలుసన్న సంగతే అత్తయ్యకి తెలియదు మరి, ఎలా అంటుంది? ఇంత కాపలా కాసేది నేను, చెయ్యి మాత్రం ఆవిడది, అని చిన్నకోడలు ముక్కుపుటాలు ఎగరేస్తూ మనసారా కుళ్లుకుంది. కుళ్లుకుంటూనే, ఆ సున్నా సున్నాగానే ఉందా లేదా అని నిమిషానికోసారి వంగి చూసుకుంటూ మూడు గంటల దాకా అక్కడి నుంచి కదల్లేదు.